ల్యాంగ్లీ విమానం నదిలో ఎందుకు పడింది? తప్పంతా క్యాటపల్ట్‌దేనా?

మధ్యలో వచ్చి చదివేవాళ్ల కోసం ముందు మీరు అడిగింది ఒకసారి చెప్పుకుందాం. శామ్యూల్ ల్యాంగ్లీ పేరున్న శాస్త్రవేత్త, అమెరికాలో స్మిత్‌సోనియన్ సంస్థకు అధిపతి. సైన్యం ఆయనకు 50,000 డాలర్లు ఇచ్చింది. చేతిలో 52 హార్స్‌పవర్ ఇంజన్ ఉంది. అయినా 1903లో ఆయన ‘ఏరోడ్రోమ్’ అనే విమానం రెండుసార్లూ నదిలోనే పడింది. రెండోసారి పడిన తొమ్మిది రోజులకు, సైకిల్ షాపు నడుపుకునే రైట్ అన్నదమ్ములు 12 హార్స్‌పవర్‌తో ఎగిరి చూపించారు. విమానాన్ని విసిరే క్యాటపల్ట్‌లో ఇరుక్కోవడమే కారణమని మీరు ఒక చోట చదివారు. అదే విమానం 1914లో ఎగిరిందని ఇంకో చోట చదివారు. మరి కాస్త అదృష్టం కలిసొస్తే మొదటి పేరు ల్యాంగ్లీదే అయ్యేదా అన్నది మీ సందేహం. చివర్లో ఇంకో మాట రాశారు: మీ కాలేజీ టీమ్ మీటరున్నర ఆర్‌సీ (రిమోట్‌తో నడిపే) విమానాన్ని అదే డిజైన్‌తో మూడు మీటర్లకు పెంచుతోందని. ఇంత పొడుగు జవాబు రాయడానికి నన్ను కూర్చోబెట్టింది ఆ చివరి మాటే.

నేను ముప్ఫై ఏళ్లకు పైగా విమానాల బాడీ, రెక్కల మరమ్మతు పనిలో ఉన్నాను. బేగంపేటలో మొదలుపెట్టి, ఇప్పుడు వర్జీనియాలో రిటైరై కూర్చున్నాను. మీరు అడిగిన ఏరోడ్రోమ్ అసలుది మా ఇంటికి దగ్గర్లోనే, షాంటిలీలోని స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది. ఇండియా నుంచి చుట్టాలెవరొచ్చినా అక్కడికి తీసుకెళ్లడం మా ఇంట్లో ఆనవాయితీ. అందరూ డిస్కవరీ స్పేస్ షటిల్ ముందు ఫోటోలు దిగుతారు, బ్లాక్‌బర్డ్ గూఢచారి విమానం దగ్గర నోరు తెరుచుకుని నిలబడతారు, దీన్ని మాత్రం దాటుకుంటూ పోతారు. మా బావగారు ఒక్కరే ఆగి చూసి, “ఇదేంటోయ్, తూనీగలా ఉంది” అన్నారు. నిజంగా తూనీగే. ముందొక జత రెక్కలు, వెనకొక జత, మధ్యలో అటూ ఇటూ రెండు ప్రొపెల్లర్లు, చివర్న బాణం ఈకల్లాంటి తోక. రెక్కల కొస నుంచి కొసకు దాదాపు 48 అడుగులు, ముక్కు నుంచి తోకకు 52 అడుగులు. అంత పెద్ద వస్తువు పైలట్‌తో కలిపి 340 కిలోలే. నా చూపు ప్రతిసారీ ఆ అంకె దగ్గరే ఆగుతుంది.

సూటిగా చెప్తాను. ఆ రోజు క్యాటపల్ట్ వెన్నలా జారినా ఆ విమానం ఎగిరి క్షేమంగా దిగేది కాదు. రెక్కలకు ఆ బలం లేదు. ఒకవేళ రెక్కలు నిలిచినా నడపడం తెలిసినవాడు అందులో లేడు.

అలాగని ల్యాంగ్లీని తక్కువ చేయకండి. ఇంటర్నెట్‌లో ఆయన్ని డబ్బు తగలేసిన సర్కారు పెద్దమనిషిగా చూపించడం ఫ్యాషన్ అయిపోయింది. 1896 మే 6న ఆయన చేసిన పని చూడండి. పొటోమాక్ నదిలో, వర్జీనియాలోని క్వాంటికో దగ్గర, ఒక హౌస్‌బోట్ కప్పు మీద నుంచి ‘ఏరోడ్రోమ్ నంబర్ 5’ అనే మోడల్‌ని వదిలారు. 11 కిలోల బరువు, ఒక హార్స్‌పవర్ స్టీమ్ ఇంజన్, మనిషి లేడు. అది చుట్లు తిరుగుతూ పైకి లేచి, బాయిలర్‌లో ఆవిరి అయిపోయేదాకా దాదాపు కిలోమీటరు ఎగిరి, మెల్లగా నీళ్ల మీద వాలింది. తీసి ఆరబెట్టి అదే రోజు మళ్లీ ఎగరేశారు. టెలిఫోన్ కనిపెట్టిన గ్రాహం బెల్ పక్కనే ఉండి ఫోటో తీశాడు. ఆ నవంబరులో నంబర్ 6 దాదాపు కిలోమీటరున్నర పోయింది. గాలి కన్నా బరువైన యంత్రం సొంత ఇంజన్‌తో అంత దూరం ఎగరడం ప్రపంచంలో అంతకు ముందు లేదు. అప్పటికి ఆయన వయసు 61. అసలు వృత్తి ఖగోళశాస్త్రం, సూర్యుడి వేడిని కొలిచే బోలోమీటర్ తయారుచేసిన మనిషి.

ఆయన అక్కడితో ఆగిపోవాలనుకున్నారు కూడా. ఎగరడం సాధ్యమని చూపించాను, మిగతాది వేరేవాళ్లు చూసుకుంటారు అన్నట్టే ఉన్నారు. ఇంతలో 1898లో అమెరికాకీ స్పెయిన్‌కీ యుద్ధం వచ్చింది. అప్పుడు నేవీలో సహాయ కార్యదర్శిగా ఉన్న థియోడర్ రూజ్‌వెల్ట్, ఈ యంత్రం సంగతి చూడండి అంటూ పైకి రాశాడు. సైన్యం 50,000 డాలర్లు మంజూరు చేసింది. మనిషిని మోసే విమానం కావాలంది.

ఇక్కడ ల్యాంగ్లీ తీసుకున్న నిర్ణయం వినడానికి చాలా సహజంగా ఉంటుంది. ఎగిరిన మోడల్ చేతిలో ఉంది కదా, దాన్నే పెద్దది చేస్తే సరిపోతుంది, పెద్ద ఇంజన్ ఒకటి దొరికితే చాలు. మీ టీమ్ అనుకుంటున్నదీ ఇదే అని నా భయం.

ఇందులో ఉన్న మోసం నాకు పుస్తకంలో అర్థం కాలేదు, హాస్టల్ డాబా మీద అర్థమైంది. ఇంజనీరింగ్ రెండో ఏడు. వెదురు బద్దలు, గాలిపటం కాగితం, మైదా జిగురుతో మూడడుగుల గ్లైడర్ చేశాం. డాబా మీద నుంచి వదిలితే గ్రౌండు దాటి మెస్ వెనక్కి పోయేది. ఎగ్జిబిషన్ వస్తోంది, తొమ్మిదడుగులది చేద్దాం అన్నారు మావాళ్లు. ప్రతి కొలతనీ మూడుతో గుణించాం, బద్దల మందంతో సహా. తీరా చూస్తే ఇద్దరం పట్టుకుంటే గానీ లేవలేదు. బరువు తగ్గించాలని బద్దల్ని చీల్చి సన్నం చేశాం. ఎగ్జిబిషన్ రోజు పరిగెత్తి వదిలాం. ఎడమ రెక్క కొస ముందు కొద్దిగా కిందికి మెలితిరిగింది. మరుక్షణం తడిబట్ట పిండినట్టు రెక్క మొత్తం మెలిపడి విరిగింది. చప్పుడు కూడా పెద్దగా రాలేదు. ప్రిన్సిపాల్ గారి ముందు ఆ కాగితాలు ఏరుకోవడం ఇప్పటికీ గుర్తుంది.

లెక్క ఇదీ. కొలతలన్నీ రెండింతలు చేస్తే రెక్క వైశాల్యం నాలుగింతలు అవుతుంది, బరువు మాత్రం ఎనిమిదింతలు. రెక్కలో అసలు భారం మోసేది స్పార్, ఇంటి పైకప్పుకు దూలం లాంటిది. దాని మీద బరువు ఎనిమిదింతలు, ఆ బరువు పనిచేసే దూరం రెండింతలు, కలిపి వంచే బలం పదహారింతలు. స్పార్ లావు కూడా రెండింతలు చేశారు కాబట్టి దాని సత్తా ఎనిమిదింతలు పెరిగింది. అంటే పాత రెక్కతో పోలిస్తే కొత్త రెక్కలోని కర్ర రెట్టింపు ఒత్తిడిలో ఉంది. చూడటానికి అచ్చం అదే రెక్క. చీమ తన బరువుకు ఎన్నో రెట్లు మోస్తుందని చెప్పుకుంటాం. అదే చీమని ఏనుగంత చేస్తే దాని కాళ్లు దాన్నే మోయలేవు.

ల్యాంగ్లీ తన మోడల్‌ని సుమారు నాలుగింతలు చేశారు. ఉన్నదున్నట్టు పెంచితే 11 కిలోలది 64 రెట్లై 700 కిలోలు అవ్వాలి. మ్యూజియంలో ఉన్నది మనిషితో కలిపి 340 కిలోలు. తేడా ఎక్కడి నుంచి వచ్చిందంటే విమానం ఎముకల్లోంచే, అంటే చట్రంలోంచే వచ్చింది. ఇది మోటు లెక్కే, ఇంజన్ రకం మారింది, ఇంకా చాలా మారాయి, కాబట్టి కిలో కిలోకీ పట్టుకోకండి. ఇంకో పక్కనుంచి చూసినా అదే కనిపిస్తుంది. రైట్ అన్నదమ్ముల 1903 విమానం ‘ఫ్లయర్’ కూడా పైలట్‌తో కలిపి ఇంచుమించు ఇదే బరువు, దాదాపు 340 కిలోలు. దాని రెక్కల వైశాల్యం 510 చదరపు అడుగులు. ల్యాంగ్లీది వెయ్యి పైనే. సమానమైన బరువులో రెట్టింపు రెక్క, పైగా నాలుగింతల శక్తి ఉన్న ఇంజన్. అంత రెక్క ఎంత పల్చగా ఉంటే అంత బరువులో ఇమిడిందో ఊహించండి. రైట్లది రెండంతస్తుల రెక్క. పైదానికీ కిందదానికీ మధ్య నిలువు కర్రలు, అడ్డంగా బిగించిన తీగలు, వంతెన కట్టినట్టు. ల్యాంగ్లీవి ఒంటి రెక్కలు. వాటిని నిలబెట్టేది పైనా కిందా ఉన్న పొట్టి స్తంభాల నుంచి లాగి కట్టిన తీగలే.

ఆ తీగలు కట్టిన చోటే అసలు రోగం ఉంది. ఒక ప్లాస్టిక్ స్కేలు తీసుకోండి. ఒక కొస బల్లకి నొక్కిపెట్టి, రెండో కొసని పై నుంచి నొక్కితే వంగుతుంది, అది మామూలే. ఇప్పుడు ఆ కొసలో ముందంచుని ఒక దారంతో కట్టి కదలకుండా పట్టుకుని, వెనకంచుని కింద నుంచి వేలితో పైకి నెట్టండి. స్కేలు వంగదు, మెలితిరుగుతుంది. ల్యాంగ్లీ రెక్కల తీగలు కట్టిన స్తంభాలు, గాలి రెక్కని పైకి నెట్టే చోటు కన్నా బాగా ముందున్నాయి. తీగ ముందు లాగుతుంది, గాలి వెనక నెడుతుంది. రెక్క కొసలో ముందంచు కిందికి తిరుగుతుంది. వేగం పెరిగేకొద్దీ ఆ తిప్పే బలం పెరుగుతూ పోతుంది. మా గ్లైడర్‌కి జరిగింది ఇదే, ల్యాంగ్లీకి జరిగిందీ ఇదేనని నా నమ్మకం.

ఇంజన్ సంగతి చెప్పకపోతే పాపం తగులుతుంది. అది ఒక అద్భుతం. మొదట న్యూయార్క్‌లోని స్టీఫెన్ బాల్జర్‌కి కాంట్రాక్టు ఇచ్చారు. ఆయన ఇంజన్ మొత్తం గిరగిరా తిరిగే రకం. 12 హార్స్‌పవర్ ఇస్తానన్నాడు, 8 దాటలేదు, పాపం ఆ పనిలో దివాలా అంచుకొచ్చాడు. కార్నెల్ యూనివర్సిటీలో చదివి ల్యాంగ్లీ దగ్గర చేరిన కుర్ర ఇంజనీరు చార్ల్స్ మాన్లీ దాన్ని తీసుకుని, సిలిండర్లు కదలకుండా బిగించి, నీళ్లతో చల్లబడేలా మార్చి, మళ్లీ మళ్లీ చేసి చివరికి 52 హార్స్‌పవర్ రాబట్టాడు. ఐదు సిలిండర్లు నక్షత్రంలా చుట్టూ ఉంటాయి. ఒట్టి ఇంజన్ 56 కిలోలు. నీళ్లు, రేడియేటర్, బ్యాటరీ అన్నీ కలిపినా 95 కిలోల లోపే. రైట్ల ఇంజన్ దాదాపు 80 కిలోలుండి 12 హార్స్‌పవర్ ఇచ్చింది. బరువుకు తగ్గ శక్తి లెక్కలో మాన్లీ ఇంజన్‌కి సాటి వచ్చేది తర్వాత చాలా ఏళ్లకు గానీ రాలేదు. మా వృత్తిలో ఉన్నవాళ్లు ఆ ఇంజన్ ముందు నిలబడితే చేతులు జోడించాల్సిందే.

కానీ ఆ ఇంజన్ కోసమే సంవత్సరాలు పోయాయి. అందరి దృష్టీ దాని మీదే. అది సిద్ధమైతే మిగతాదంతా సిద్ధమైనట్టే అనుకున్నారు.

1903 అక్టోబరు 7. నది మధ్యలో హౌస్‌బోట్, దాని కప్పు మీద పట్టాలు, స్ప్రింగులతో లాగి విసిరే క్యాటపల్ట్. ఒక పెద్ద ఉండేలు అనుకోండి. నిలకడగా ఉన్న విమానం ఆ పట్టాల పొడవులోనే ఎగిరే వేగం అందుకోవాలి. అంటే ఆ సన్నటి ఎముకల మీద పూర్తి భారం ఒక్క కుదుపుతో పడుతుంది. కింద చక్రాలు లేవు, నేల మీద జారుతూ దిగడానికి స్కిడ్లు (కర్ర బద్దలు) లేవు. దిగడం నీళ్లలోనే. పైలట్ కూర్చునే బుట్ట చట్రం కింద వేలాడుతోంది. అంటే అన్నీ సవ్యంగా జరిగినా, దిగేటప్పుడు ముందు మునిగేది మాన్లీయే. అతని చేతికి రెండు చిన్న చక్రాలు: ఒకటి తోకని పైకీ కిందికీ, ఇంకొకటి కింద ఉన్న చుక్కానిని పక్కలకీ తిప్పడానికి. విమానం ఒక పక్కకి ఒరిగితే సరిచేసుకోవడానికి ఏమీ లేదు. రెక్కల్ని కొద్దిగా వి ఆకారంలో పైకెత్తి పెట్టాం, అదే సర్దుకుంటుంది అన్నది ల్యాంగ్లీ ఆలోచన. గాలి లేని రోజు, మనిషి లేని మోడల్‌కి అది చాలు.

పట్టాల చివరికి వస్తూనే విమానం ముక్కు వంచి సూటిగా నదిలోకి దిగింది. సున్నం ముద్ద జారినట్టు జారిందని అక్కడున్న విలేకరి రాశాడు. మాన్లీ తడిసి బయటపడ్డాడు. ముందు స్తంభం క్యాటపల్ట్‌లో తగులుకుందని ల్యాంగ్లీ బృందం ప్రకటించింది. తగులుకుని ఉండొచ్చు, నేను కాదనను. రెండు రోజుల తర్వాత న్యూయార్క్ టైమ్స్ సంపాదకీయంలో, మనిషి ఎగరడానికి పది లక్షల నుంచి కోటి ఏళ్లు పట్టొచ్చని ఎగతాళి చేసింది.

డిసెంబరు 8న మళ్లీ. ఈసారి వాషింగ్టన్ నగరం పక్కనే, నదిలో మంచు పలకలు తేలుతున్నాయి. పొద్దు వాలుతోంది, గాలి ఈడ్చి కొడుతోంది. డబ్బు అయిపోవచ్చింది, చలి ముదిరితే నది గడ్డ కడుతుంది, ఇంకో రోజు ఆగే వీలు లేదు. మాన్లీ బెండు కుట్టిన కోటు వేసుకుని ఎక్కాడు. వదలగానే వెనక రెక్కలూ తోకా నలిగిపోయాయి. విమానం నిటారుగా లేచి, వెల్లకిలా తిరగబడి, నీళ్లలో పడింది. మాన్లీ దాని కింద. కోటు ఏదో ఇనుప ముక్కకి పట్టేసింది. దాన్ని చింపుకుని, మంచు కింద ఈది, పైకి తేలాడు. అతని కోసం పనివాడొకడు నీళ్లలోకి దూకాడు. పడవలోకి లాగి విస్కీ తాగించాక, ఆ మర్యాదస్తుడైన ఇంజనీరు నోట ఎవరూ ఊహించని బూతులు వచ్చాయట. నాకైతే ఆ బూతులు పూర్తిగా న్యాయంగానే అనిపిస్తాయి.

ఈసారి ముక్కు పైకి లేచింది, మొదటిసారి కిందికి వంగింది. రెండుసార్లూ నింద క్యాటపల్ట్ మీదే వేశారు. ఒకే యంత్రం రెండు వేరు వేరు పద్ధతుల్లో, వదిలిన క్షణంలోనే కుప్పకూలితే, మరమ్మతు షాపులో మేం అనుమానించేది ముందు చట్రాన్నే. రోగి రెండుసార్లు మెట్ల మీద పడితే రెండుసార్లూ మెట్లదే తప్పు అనం, మోకాళ్లు చూస్తాం.

ఇప్పుడు రైట్ల వైపు. తెలిసిన కథే కాబట్టి తొందరగా చెప్తాను. 1899 మే 30న విల్బర్ రైట్, ఎగరడం మీద ఏమేం అచ్చయ్యాయో పంపమని స్మిత్‌సోనియన్‌కే ఉత్తరం రాశాడు. వాళ్లు మర్యాదగా పంపారు. అంటే ల్యాంగ్లీ సంస్థే తన పోటీదారుకి మొదటి పాఠాలు అందించింది. వాళ్లు ఇంజన్ జోలికి పోలేదు. ముందు గాలిపటం, తర్వాత గ్లైడర్లు. మొండి గుర్రాన్ని గోడ మీద కూర్చుని గమనించైనా నేర్చుకోవచ్చు, ఎక్కి పడుతూ లేస్తూ అయినా నేర్చుకోవచ్చు, మంచి స్వారీ మాత్రం రెండో పద్ధతిలోనే వస్తుందని విల్బర్ 1901లో షికాగోలో ఇంజనీర్ల ముందు అన్నాడు. ఆ ఏడాదే పాత అంకెలు సరిపోక, సొంతంగా చిన్న విండ్ టన్నెల్ (గాలి ఊది రెక్కల్ని పరీక్షించే గొట్టం) చేసుకుని రెండు వందల దాకా రెక్క ఆకారాలు పరీక్షించారు. 1902లో గ్లైడర్ మీద వందలసార్లు ఎగిరారు. ఒరిగితే రెక్క కొసల్ని కావాలని మెలితిప్పి సరిచేసుకోవడం చేతికి అలవాటు చేసుకున్నారు. ఇక్కడొక తమాషా ఉంది. ల్యాంగ్లీ రెక్క తనంతట తాను మెలితిరిగి విరిగింది. రైట్లు అదే మెలికని తీగలతో తమ అదుపులో పెట్టుకుని దాన్నే స్టీరింగ్ చేసుకున్నారు.

ఇంజన్ ఆఖర్న చేయించారు. షాపు మెకానిక్ చార్లీ టేలర్ ఆరు వారాల్లో చేసిచ్చాడు. 1903 డిసెంబరు 17న మొదటిసారి 12 సెకన్లు, 120 అడుగులు. నాలుగోసారి 59 సెకన్లు, 852 అడుగులు. మొత్తం ఖర్చు వెయ్యి డాలర్ల లోపు. అదే మాన్లీ అయితే అంతకు ముందు ఒక్క క్షణం కూడా గాల్లో లేడు. అతను మొదటిసారి ఎక్కింది ప్రపంచంలోకెల్లా శక్తిమంతమైన విమాన ఇంజన్ ఉన్న యంత్రం. ఈత రానివాణ్ని నేరుగా వరద గోదావరిలోకి తోసినట్టే.

మరి 1914లో ఎగిరిందే అంటారా? ఇది కాస్త విప్పి చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ చాలామంది సగం కథ విని మోసపోతారు.

విమానాలు తయారుచేసే గ్లెన్ కర్టిస్ అప్పటికి రైట్లతో పేటెంట్ కేసులో ఓడిపోయాడు. రైట్ల కన్నా ముందే ఎగరగల యంత్రం ఒకటి ఉండేదని చూపిస్తే ఆ పేటెంట్ పట్టు సడలుతుంది. స్మిత్‌సోనియన్‌కేమో తమ పాత అధిపతి పరువు దక్కాలి. ఇద్దరి అవసరాలూ కలిశాయి. సంస్థ 2,000 డాలర్లు ఇచ్చి, నది పాలైన ఏరోడ్రోమ్‌ని కర్టిస్‌కే అప్పగించింది. న్యూయార్క్ రాష్ట్రంలోని హామండ్స్‌పోర్ట్‌లో, క్యూకా సరస్సు మీద, 1914 మే 28న అది నీళ్ల మీద నుంచి లేచి 150 అడుగుల దాకా పోయింది. స్మిత్‌సోనియన్ తన నివేదికల్లో 1903 నాటి విమానమే ఎగిరిందన్నట్టు రాసుకుంది. తర్వాత దాన్ని మళ్లీ 1903 రూపానికి తెచ్చి, మనిషిని మోస్తూ నిలకడగా ఎగరగలిగిన మొదటి విమానం ఇదే అని బోర్డు పెట్టి ప్రదర్శించింది.

అసలు కర్టిస్ ఏం మార్చాడో చూడండి. క్యాటపల్ట్ తీసేసి తేలే పడవలు తగిలించాడు. రెక్క వంపు మార్చాడు. స్పార్లకు బలం చేర్చాడు. కంట్రోళ్లు మార్చాడు. తర్వాతి ప్రయత్నాల్లో ఇంజన్ కూడా తనదే పెట్టాడు. ఇవన్నీ ఒక ఎత్తు. తీగలు కట్టే స్తంభాల్ని దాదాపు రెండున్నర అడుగులు వెనక్కి జరిపాడు, గాలి నెట్టే చోటికి దగ్గరగా. నేను పైన స్కేలుతో చూపించానే, సరిగ్గా ఆ రోగానికి మందు. రెక్క ఎక్కడ విరుగుతుందో కర్టిస్‌కి తెలుసు. ఆ మార్పు అవసరమైందంటేనే 1903 రెక్క నిలిచేది కాదని ఆయన చేత్తో ఆయనే ఒప్పుకున్నట్టు. ల్యాంగ్లీ వైపు వాదించేవాళ్లు చూపించే సాక్ష్యం, నా దృష్టిలో, ఆయనకి వ్యతిరేకంగా ఉన్న అన్నిటికన్నా గట్టి సాక్ష్యం.

ఓర్విల్ రైట్ ఆ బోర్డు మీద అలిగి, తమ ఫ్లయర్‌ని 1928లో లండన్ సైన్స్ మ్యూజియంకి పంపేశాడు. సొంత దేశంలో ఎగిరిన మొదటి విమానం ఇరవై ఏళ్లు పరాయి దేశంలో ఉండిపోయింది. 1942లో స్మిత్‌సోనియన్ ఆ మార్పుల జాబితా అచ్చేసి, తప్పు ఒప్పుకుంది. 1948 డిసెంబరు 17న ఫ్లయర్ వాషింగ్టన్‌లో కొలువుదీరింది. అప్పటికి ఓర్విల్ పోయి దాదాపు పదకొండు నెలలు.

ల్యాంగ్లీ అంతకు చాలా ముందే, 1906 ఫిబ్రవరిలో పోయారు. చివరి రోజులు బాగా గడవలేదు. పత్రికల ఎగతాళి సరిపోనట్టు, 1905లో సంస్థ లెక్కలు చూసే ఉద్యోగి డబ్బు కాజేసిన సంగతి బయటపడింది. బాధ్యత తనదే అంటూ ఆయన జీతం తీసుకోవడం మానేశారు. సైన్యం కూడా ఏరోడ్రోమ్ దెబ్బతో ఎంత బెదిరిపోయిందంటే, 1905లో రైట్లు మా దగ్గర ఎగిరే విమానం ఉంది అని రాస్తే, ప్రయోగాలకు డబ్బులివ్వం అని అచ్చు జవాబు పంపి ఊరుకుంది. వాళ్లు డబ్బు అడగనే లేదు. ల్యాంగ్లీ పేరు మాత్రం బాగానే నిలిచింది: నాసా పరిశోధనా కేంద్రానికీ, అమెరికా మొదటి విమానవాహక నౌకకీ ఆయన పేరే. పడవ మీద నుంచి విమానాన్ని విసరాలన్న మనిషికి ఆ నౌక పేరు బాగా కుదిరింది.

ఇక మీ మూడు మీటర్ల విమానం. కొలతలన్నీ రెండుతో గుణించి కోతకి ఇవ్వకండి. రెక్క వైశాల్యం ఎంత కావాలో, మొత్తం బరువు ఎంత రావచ్చో ముందు తేల్చుకుని, స్పార్‌ని కొత్తగా లెక్క కట్టండి. మీటరున్నర దానికి మీరు వాడింది ఒంటి కార్బన్ ట్యూబు అయితే, పెద్దదానికి మెలిక తట్టుకునేలా రెక్క ముందు భాగాన్ని పలచటి బాల్సా (తేలికపాటి చెక్క) షీటుతో మూసి పెట్టెలా చేయండి. పై కవరింగ్ ఫిల్మ్ ఒక్కదాని మీద నమ్మకం పెట్టుకోవద్దు.

తయారయ్యాక గ్రౌండుకి తీసుకెళ్లే ముందు ఒక సాయంత్రం దీనికి కేటాయించండి. రెక్కని తిరగేసి మధ్యలో బిగించి, విమానం మొత్తం బరువుకి నాలుగింతలు ఇసుక పొట్లాలుగా కట్టి, పొడుగునా పేర్చండి. మొదట ముందంచు నుంచి పావు వంతు దగ్గర. అది నిలిస్తే పొట్లాలన్నీ రెక్క వెడల్పులో సగం దగ్గరికి జరపండి. రెండు సందర్భాల్లోనూ కొస దగ్గర ఫోన్ పెట్టి లెవెల్ యాప్‌లో కోణం చూసుకోండి. ఎంత వంగిందన్నది నాకు అక్కర్లేదు, ఎంత మెలితిరిగిందో చెప్పండి. రెండు డిగ్రీలు దాటితే అలాగే ఎగరేయకుండా ముందు ఇక్కడ ఫోటో పెట్టండి, స్పార్ ఎక్కడుందో కనిపించేలా రెక్క అడ్డకోత కూడా.